కైట్ ఫాయిల్ 27 నాట్ల దగ్గరే ఆగిపోతోంది, అసలు గరిష్ఠ వేగాన్ని ఏది నిర్ణయిస్తుంది?

#1 · కాకినాడ_కైట్ (శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా)

అందరికీ నమస్కారం. ఊరు కాకినాడ, ఉద్యోగం ఇక్కడ, వారాంతం వస్తే క్రిస్సీ ఫీల్డ్‌లో నీటి మీద ఉంటాను. కైట్ ఫాయిల్ (పైన కైట్ లాగుతుంటే, నీటిలో మునిగిన రెక్కల మీద బోర్డు పైకి లేచి పోయే ఆట) మొదలుపెట్టి మూడేళ్లయింది. పడిపోకుండా తిరగడం, జైబ్ (గాలి వీచే వైపుగా మలుపు) చేయడం వచ్చేశాయి. ఇప్పుడు మనసంతా వేగం మీదే ఉంది.

ఈ వేసవి మొత్తం ఒక్క అంకె దగ్గర ఇరుక్కుపోయాను. వాచీలో 27.4 నాట్లు. 18 నాట్ల గాలిలో కూడా అంతే, 22 నాట్ల గాలిలో కూడా అంతే. అక్కడికి చేరేసరికి ముందు కాలి తొడ మండిపోతుంది, బోర్డు ముక్కు పైకి లేస్తానంటుంది, నేను బార్ (కైట్‌ని అదుపు చేసే పిడి) వదిలేస్తాను.

నా సామాను ఇది: ముందు రెక్క 800 చదరపు సెంటీమీటర్లు, 90 సెంటీమీటర్ల అల్యూమినియం మాస్ట్ (బోర్డుకీ రెక్కకీ మధ్య నిలువు స్తంభం), గాలి నింపే రకం 9 చదరపు మీటర్ల కైట్, 20 మీటర్ల లైన్లు. నా బరువు 82 కిలోలు.

బీచ్‌లో ఒకరు చిన్న రెక్క కొనమంటారు, ఇంకొకరు పెద్ద కైట్ కొనమంటారు, మరొకరు కార్బన్ మాస్ట్ లేకుండా మాట్లాడొద్దంటారు. మూడూ ఖరీదైనవే. కొనేముందు కారణం తెలుసుకోవాలని ఉంది. ఫాయిల్ బోర్డు పైవేగం ఎక్కడ, ఎందుకు ఆగుతుంది?

#2 · రామేశ్వరం_సీజన్ (హైదరాబాద్)

అన్నా, నేను కొత్త. మొన్న జూన్‌లో రామేశ్వరం వెళ్లి కైట్ నేర్చుకున్నాను, ఫాయిల్ ఇంకా ఎక్కలేదు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు కదా. అంటే మీది గంటకు 50 కిలోమీటర్ల పైమాటే. నీటి మీద అంత వేగమా! గాలి 18 నాట్లుంటే మనిషి 27 నాట్లలో ఎలా వెళ్తాడో ముందు అది చెప్పండి. గాలే కదా లాగేది, గాలికన్నా ముందు ఎలా పోతాం?

#3 · గాలివాటం (పెర్త్)

కారణం ఒక్కటే, కావిటేషన్. వేగం పెరిగేకొద్దీ రెక్క పైన ఒత్తిడి పడిపోయి నీరు అక్కడికక్కడే ఆవిరవుతుంది. ఆ బుడగలతో లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, పోతుంది. ఫాయిల్ అన్నదానికి ఇదొక గోడ. నువ్వు ఆ గోడ దగ్గరికే చేరావు. రెక్క ఆకారం మార్చాల్సిందే.

#4 · ప్రొపెల్లర్_మాస్టారు (విశాఖపట్నం)

కైట్ ఎక్కే వయసు కాదు నాది. కానీ ముప్పై ఏళ్లు ఓడల ప్రొపెల్లర్ల మధ్య గడిపాను, కావిటేషన్ ఏమిటో చేత్తో తడిమి చూసినవాణ్ణి. డ్రై డాక్‌లోకి వచ్చిన ఓడ ప్రొపెల్లర్ అంచున కంచు మొత్తం చెదలు తిన్న కర్రలా ఉంటుంది. నీటి బుడగలు పేలి పేలి లోహాన్ని అలా కొరికేస్తాయి.

పెర్త్ బాబు చెప్పింది నిజమైన విషయమే, ఈ అబ్బాయి విషయంలో మాత్రం వర్తించదు. లెక్క చూడండి. నీటి మీద గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. అర మీటరు లోతు ఇంకో 5 కలుపుతుంది. నీరు ఆవిరి కావాలంటే రెక్క మీద ఎక్కడో ఒకచోట పీడనం దాదాపు సున్నాకు, అంటే రెండు మూడు కిలోపాస్కల్స్‌కు పడిపోవాలి. అంటే వేగం వల్ల పీడనం వందకు పైగా తగ్గాలి.

27 నాట్లంటే సెకనుకు 13.9 మీటర్లు. ఆ వేగంలో ప్రవాహపు ఒత్తిడి, అంటే నీటి సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే వచ్చేది, దాదాపు 99 కిలోపాస్కల్స్. దాని మొత్తమంత చూషణ రెక్క పైన పుట్టాలి. తక్కువ కోణంలో పోయే పలచటి రెక్క అంత చూషణ పుట్టించదు. అదే 52 నాట్లకు వెళ్తే ఆ ఒత్తిడి 367 అవుతుంది. అప్పుడు అందులో మూడో వంతు కన్నా తక్కువ చూషణ చాలు, నీరు ఆవిరైపోతుంది. రెక్కను ఎంత పలచగా చేసినా అక్కడ తప్పించుకోవడం కష్టం. గోడ ఉన్న మాట నిజమే, కానీ అది యాభై దరిదాపుల్లో ఉంది. మీరింకా దాని నీడలోకి కూడా రాలేదు నాయనా.

ఒక్క మినహాయింపు. రెక్క ముందు అంచుకి రాయి తగిలి గంటు పడి ఉంటే, ఆ గంటు దగ్గర మాత్రం చాలా ముందే బుడగలు పుట్టొచ్చు. అంచు మీద గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా లాగి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే చెప్పండి.

#5 · గాలివాటం (పెర్త్)

మాస్టారూ, లెక్కతో చెప్పారు, ఒప్పుకుంటున్నాను. 52 అన్న అంకెను తీసుకొచ్చి 27కి తగిలించేశాను. కానీ ఒక సందేహం. కైట్ మీద ప్రపంచ రికార్డు 57.97 నాట్లు కదా? 2017లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో అలెగ్జాండ్ర్ కైజెర్గ్ 500 మీటర్ల సగటుగా సాధించింది. అంత వేగంలో ఆయనకి కావిటేషన్ ఎందుకు అడ్డు రాలేదు?

#6 · రెక్కల_లెక్కలు (బెంగళూరు)

ఎందుకంటే అది ఫాయిల్ కాదు అన్నా. చిన్న ఫిన్లున్న సన్నటి పలక, నీటి పైన జారేది. పలక అడుగుభాగం నీటిని కిందికి నొక్కుతుంది. అక్కడ పీడనం పెరుగుతుందే గాని తగ్గదు, కాబట్టి ఆవిరయ్యే ప్రశ్న రాదు. పై భాగం గాలిలో ఉంటుంది. నీటిలో మునిగేది చిన్న ఫిన్లు మాత్రమే. ఫాయిల్ సంగతి వేరు, రెక్క రెండు వైపులా నీటిలోనే ఉంటుంది, పైవైపు చూషణే దాని బతుకు. తక్కువ వేగంలో దాన్ని గొప్పదిగా చేసిన గుణమే అతి వేగంలో దానికి ఎదురు తిరుగుతుంది.

అందుకే స్పీడ్ రికార్డులవాళ్లు ఫాయిల్‌ని పక్కన పెట్టారు, రేసులవాళ్లు పలకని పక్కన పెట్టారు. ఫాయిల్ మీదే పెద్ద వేగం చూపించిన ఫ్రెంచి పడవ ఇద్రోప్తేర్ 2009లో 500 మీటర్లకు 51.36 నాట్ల దగ్గర నిలిచింది. 2012 నవంబరులో నమీబియాలోని వాల్విస్ బేలో పాల్ లార్సన్ నడిపిన సెయిల్‌రాకెట్ 2 మాత్రం 65.45కి వెళ్లింది. వాళ్లు బుడగతో పోరాటం మానేసి, బుడగ ఉంటుందని ముందే ఒప్పుకుని, వెనకవైపు నీరే అంటుకోని చీలిక లాంటి ఫాయిల్ చేశారు. ఆ ఆలోచన నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ ఫాయిల్ తక్కువ వేగంలో చాలా మొద్దు, మనలాంటివాళ్లం దాని మీద నీటి నుంచి పైకే లేవలేం.

రామేశ్వరం తమ్ముడి ప్రశ్నకి వస్తాను, అసలు విషయం అందులోనే ఉంది. కైట్‌ని లాగేది బీచ్‌లో వీచే గాలి కాదు. మనం కదులుతున్నప్పుడు మనకి తగిలే గాలి. మనం వేగం పెంచేకొద్దీ ఆ గాలి పెరుగుతుంది, అదే సమయంలో మన ముందువైపుకి జరుగుతుంది. బైక్ మీద పోతుంటే పక్కగాలి కూడా ఎదురుగాలిలా తగులుతుందే, అదే. చివరికి అది ఎంత ముందుకి జరుగుతుందంటే, కైట్ ఇక దాన్నుంచి ముందుకి లాగే బలం తీయలేదు. అక్కడే మన వేగం ఆగుతుంది.

తెరచాప పడవలవాళ్లకి ఒక పాత సూత్రం ఉంది. గాలిలో ఉన్నదాని లిఫ్ట్‌కి డ్రాగ్‌కి (వెనక్కి లాగే నిరోధానికి) మధ్య నిష్పత్తి ఒక కోణాన్ని ఇస్తుంది. నీటిలో ఉన్నదాని నిష్పత్తి ఇంకో కోణాన్ని ఇస్తుంది. ఆ రెండూ కలిపితే వచ్చే కోణంకన్నా తగిలేగాలి మన ముందుకి రాలేదు. మొత్తం 30 డిగ్రీలైతే గాలికి రెండింతలు పోవచ్చు, 20 డిగ్రీలైతే దాదాపు 2.9 రెట్లు. ఆ గరిష్ఠం కూడా సరిగ్గా గాలికి అడ్డంగా పోతే రాదు. అడ్డం దాటి, ఆ 20, 30 డిగ్రీల మేర గాలివాలుకి, అంటే గాలి పోయే వైపుకి, తిరిగితే వస్తుంది.

కాబట్టి కాకినాడ అన్నకి నా జవాబు: పైవేగాన్ని నిర్ణయించేది రెక్క ఒక్కటే కాదు, కైట్ ఒక్కటే కాదు. రెండు డ్రాగ్‌ల మొత్తం. నీ లెక్క రాత్రికి వేసి పెడతాను.

#7 · కాకినాడ_కైట్

రాత్రి దాకా ఆగలేను గాని ఆగుతాను. మాస్టారూ, గోరు పెట్టి చూశాను. ఎడమ రెక్క చివరికి నాలుగు వేళ్ల ఇవతల ఒకచోట తట్టుకుంది. పోయిన నెల ఒడ్డున రాళ్లకి తగిలింది, చిన్నదే కదా అని వదిలేశాను.

#8 · ప్రొపెల్లర్_మాస్టారు

చిన్నదని వదలకండి. ఎపాక్సీతో పూడ్చి, ఆరాక 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1000 దాకా తడిపి రుద్దండి. అడ్డదిడ్డంగా కాకుండా నీరు పారే దిక్కులోనే రుద్దాలి. అద్దంలా మెరవాల్సిన పనిలేదు, అంచు గుండ్రదనం పాడవకుండా చూసుకుంటే చాలు. ముందు అంచు ఆకారం పోయిన రెక్కని ఎంత పాలిష్ చేసినా లాభం లేదు.

#9 · ఉత్తర_సముద్రం (నెదర్లాండ్స్)

తమ్ముడూ, లెక్కలకి ముందు నాదో ప్రశ్న. ఆ 27.4 ఎప్పుడు వచ్చింది? ఏ దిక్కున పోతుంటే? పోటు మీద ఉందా, పాటు మీద ఉందా?

నేను ఇక్కడ క్లబ్ రేసులు చేస్తాను. వాచీలోని జీపీఎస్ చెప్పేది నేలతో పోల్చిన వేగం. రెక్కకి తెలిసేది నీటితో పోల్చిన వేగం. క్రిస్సీ ఫీల్డ్ అంటే గోల్డెన్ గేట్ పక్కనే, అక్కడ సముద్రం మొత్తం ఆ ఇరుకులోంచి లోపలికీ బయటికీ పరుగెత్తుతుంది. ప్రవాహం మూడు నాలుగు నాట్లు ఉండే రోజులు మామూలే.

ఇంకో మాట. వాచీ చూపే క్షణకాలపు గరిష్ఠాన్ని నమ్మకు. చెయ్యి ఊపినా అంకె ఎగురుతుంది. 10 సెకన్ల సగటు తీసి చెప్పు.

#10 · కాకినాడ_కైట్

అక్కా, ఇప్పుడే రికార్డు తీసి చూశాను. మధ్యాహ్నం గాలి పడమర నుంచి, నేను తూర్పు వైపుకి గాలివాలున పోతున్నాను. ఆ సమయానికి పోటు పెరుగుతోంది, అంటే నీరు కూడా తూర్పుకే. పట్టికలో ప్రవాహం సుమారు 2 నాట్లు. 10 సెకన్ల సగటు తీస్తే 26.9.

అంటే నా అసలు వేగం 25 మాత్రమేనా? మూడు నెలలు ఆ అంకెను చూసుకుని మురిసిపోయాను.

#11 · ఉత్తర_సముద్రం

బాధపడకు, ఇది అందరికీ జరిగేదే. ఇప్పుడు నిజమైన అంకె చేతికొచ్చింది కదా, ఏది మార్చినా దానితో పోల్చుకోవచ్చు. నీరు నిలబడే వేళ, అంటే పోటూ పాటూ మారే మధ్యలో, కొలిస్తే అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే ప్రవాహానికి ఎదురుగా ఒక పరుగు, దానితోపాటు ఒక పరుగు తీసి సగటు కట్టు. అయితే గుర్తుంచుకో, గాలివాలున రెండు పక్కలా పోయినా రెండుసార్లూ తూర్పు వైపుకే పోతావు, ప్రవాహం కొట్టుకుపోదు. క్రిస్సీలో గాలీ ప్రవాహమూ ఒకే గీత మీద ఉంటాయి కాబట్టి అక్కడ నీరు నిలబడే వేళే దిక్కు.

#12 · రెక్కల_లెక్కలు

లెక్క వేశాను. అక్క అడిగిన ప్రశ్నతో వేగం తగ్గింది గాని పోలిక కోసం 27 నాట్ల దగ్గరే ఉంచుతున్నాను. ఇవి నా అంచనాలు. నీటి సొరంగంలో కొలిచినవి కావు, కానీ నిష్పత్తులు సరిగానే ఉంటాయి.

మనిషి, సామాను కలిపి 94 కిలోలు. కైట్ కొంత పైకి లాగుతుంది, చాలా భాగం పక్కకి లాగుతుంది. ఆ పక్కలాగుడుని ఆపడానికే మనం బోర్డుని గాలివైపుకి వాలుస్తాం, అప్పుడు ముందు రెక్కే కీల్ (పడవ పక్కకి జారకుండా ఆపే అడుగు పలక) పని కూడా చేస్తుంది. అంటే రెక్క మోసేది మన బరువు మాత్రమే కాదు. అన్నీ కలిపి సుమారు 1,100 న్యూటన్లు అనుకుందాం.

ఆ వేగంలో 800 చదరపు సెంటీమీటర్ల రెక్క ఆ బరువు మోయడానికి కావలసిన లిఫ్ట్ గుణకం 0.14 మాత్రమే. 12 నాట్ల దగ్గర అదే రెక్కకి 0.70 కావాలి. నీ రెక్క ఆ రెండో పనికి పుట్టింది. వేగంలో దానికి లిఫ్ట్ ఎక్కువైపోతుంది, ముక్కు పైకి లేస్తానంటుంది, నువ్వు ముందు కాలితో తొక్కి పట్టుకుంటున్నావు. నీ తొడ మంటకి కారణం అదే.

ఇక డ్రాగ్. రెక్క ఉపరితలం రాపిడి వల్ల దాదాపు 80 న్యూటన్లు. 60 సెంటీమీటర్లు మునిగి ఉన్న లావుపాటి అల్యూమినియం మాస్ట్ 85. వెనక రెక్క, ఫ్యూజలాజ్ (రెండు రెక్కల్నీ కలిపే కడ్డీ) కలిపి 35. లిఫ్ట్ పుట్టించినందుకు కట్టే పన్ను, అంటే రెక్క చివర్ల సుడుల వల్ల వచ్చేది, 9 మాత్రమే. ఇదే 12 నాట్ల దగ్గర 45 ఉండేది. గాలిలో నీ ఒళ్లు సుమారు 58. మొత్తం 265 దాకా.

చూశావా, అన్నిటికన్నా పెద్దది మాస్ట్. నేను కూడా ముందు రెక్కే అనుకున్నాను.

27 నుంచి 32కి వెళ్లాలంటే డ్రాగ్ 40 శాతం పెరుగుతుంది. శక్తి 66 శాతం ఎక్కువ కావాలి. 18 నాట్ల గాలి 22 అయినా నీ అంకె కదలకపోవడానికి ఇది సగం కారణం. మిగతా సగం, నువ్వే బార్ వదిలేస్తున్నావు.

#13 · గాలివాటం

లైన్లు లెక్కలోకి తీసుకున్నావా? నాలుగు లైన్లు, ఒక్కోటి 20 మీటర్లు, మందం 1.8 మిల్లీమీటర్లు అనుకుంటే గాలికి అడ్డుపడే వైశాల్యం 0.14 చదరపు మీటర్లు. గుండ్రటి తాడు గాలిలో చాలా చెడ్డ ఆకారం. మనిషి ఒంటితో పోలిస్తే పావు వంతు పైనే. పెర్త్‌లో రేసులవాళ్లు సన్నటి, పొట్టి లైన్లు వాడటం చూసి ఎందుకా అనుకునేవాణ్ణి.

#14 · రెక్కల_లెక్కలు

తీసుకోలేదు, నా పొరపాటు. చాలా మంచి పాయింట్ అన్నా. అది కైట్ కోణంలోకి వెళ్తుంది, అంటే కైట్ లాగుడు వెనక్కి వాలుతుంది. గాలి నింపే కైట్‌కి ముందు అంచులో ఆ లావుపాటి గొట్టం కూడా ఉంది. గదులు గదులుగా గాలి పీల్చుకునే ఫాయిల్ కైట్‌కి అది లేదు. రేసుల్లో అందరూ ఫాయిల్ కైట్లే ఎందుకు వాడతారో దానికి ఇదే జవాబు. కైట్ సైజు పెంచితే లాగుడు పెరుగుతుంది, కానీ కైట్ కోణం మెరుగుపడదు. బీచ్‌లో పెద్ద కైట్ కొనమన్నవాళ్ల మాట ఇక్కడే తప్పుతుంది.

#15 · రామేశ్వరం_సీజన్

ఇదంతా చదువుతుంటే 2024 ఆగస్టులో మార్సేలో చూసిన ఒలింపిక్ రేసులు గుర్తొస్తున్నాయి. కైట్ ఒలింపిక్స్‌లోకి అదే మొదటిసారి. అక్కడ గాలి లేక రోజంతా ఎదురుచూసిన సందర్భాలు కూడా ఉన్నాయి కదా. ఎల్లీ ఆల్డ్రిడ్జ్, వాలెంటిన్ బోంటస్ బంగారం గెలిచారు. 17 ఏళ్ల మాక్స్ మేడర్ సింగపూర్‌కి కాంస్యం తెచ్చాడు, అదీ వాళ్ల జాతీయ దినోత్సవం రోజునే. వాళ్లు వాడే ఫాయిల్ అన్నిటికన్నా వేగమైనదా?

#16 · ఉత్తర_సముద్రం

నేను పనికి సెలవు పెట్టి మరీ చూశాను, మా దగ్గరి అనెలూస్ లామర్ట్స్‌కి మహిళల్లో కాంస్యం వచ్చింది.

నీ ప్రశ్నకి జవాబు: కాదు. గాలివాలు పరుగుల్లో వాళ్లు 40 నాట్ల దాకా వెళ్తారు, నిజమే. కానీ రేసులో గెలిచేది పైవేగం కాదు. గుర్తు దగ్గరికి ఎవరు త్వరగా చేరతారు అన్నది. గాలికి ఎదురుగా ఎక్కడానికి ఎక్కువ లిఫ్ట్ కావాలి, 6 నాట్ల గాలిలో కూడా పైనే ఉండాలి, మలుపు తిరిగేటప్పుడు పడిపోకూడదు. అన్నిటికీ సరిపోయేలా చేసిన ఫాయిల్ అది. కేవలం గాలివాలున ఒక్క పరుగు కోసమే అయితే ఇంకా చిన్న రెక్క పెట్టేవాళ్లు.

బరువు కూడా ఆటలో ఉంది. కైట్ ఎంత లాగినా దాన్ని నిలబెట్టి పట్టుకునేది నడుముకున్న హార్నెస్, దాని వెనకున్న ఒళ్లు. బరువున్న రైడర్ ఎక్కువ లాగుడు పట్టగలడు. తమ్ముడి 82 కిలోలు మంచి బరువే. నేను 58. అదే గాలిలో నేను అంత కైట్ పట్టలేను, కానీ నా రెక్క మోయాల్సిందీ తక్కువే కాబట్టి చిన్న రెక్కతో లేవగలను.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం చెప్తాను. లెక్క ప్రకారం వచ్చే వేగం ఒకటి, మనిషి నిలబెట్టగలిగే వేగం ఇంకొకటి. రెండేళ్ల క్రితం బ్రౌవర్స్‌డామ్‌లో 31 నాట్ల దగ్గర నా రెక్క చివర నీటిపైకి వచ్చింది. గాలివైపుకి బాగా వాలి ఉన్నాను, మాస్ట్ చాలా వరకు బయటే ఉంది. రెక్క పైవైపు చూషణ ఆ సందులోంచి గాలిని లోపలికి లాగేసింది. లిఫ్ట్ ఒక్క క్షణంలో పోయింది. నేను ముందుకి పడ్డాను, రెండు పక్కటెముకలు చిట్లాయి, ఆరు వారాలు తుమ్మడానికి కూడా భయపడ్డాను.

దీన్ని వెంటిలేషన్ అంటారు. కావిటేషన్‌తో కలిపేస్తారు చాలామంది. కావిటేషన్‌లో నీరే ఆవిరవుతుంది, వెంటిలేషన్‌లో పైనుంచి గాలి దిగుతుంది. మొదటిదానికి యాభై దరిదాపుల వేగం కావాలి. రెండోది 15 నాట్ల దగ్గర కూడా జరుగుతుంది. మనలాంటివాళ్లకి నిజమైన గోడ ఇదే.

#17 · ప్రొపెల్లర్_మాస్టారు

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. సరుకు దించేసి తేలిపోయిన ఓడల ప్రొపెల్లర్ సగం పైకి వచ్చి గాలి మింగినప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. లోడ్ పోతుంది కదా. ఆ శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది. మీకు ఇంజిన్ లేదు, మీ ఒళ్లే పడుతుంది. పక్కటెముకలు కుదురుకున్నాయా తల్లీ?

#18 · ఉత్తర_సముద్రం

కుదురుకున్నాయి మాస్టారూ, అడిగినందుకు సంతోషం. అప్పటి నుంచి హెల్మెట్, దెబ్బ ఆపే వెస్ట్ లేకుండా నీటిలోకి దిగలేదు. తమ్ముడూ, నువ్వు కూడా.

ఇక మాస్ట్ ఎంత మునిగి ఉండాలన్నది ఇక్కడే తేలుతుంది. పది సెంటీమీటర్లు పైకి లేస్తే మాస్ట్ డ్రాగ్ తగ్గుతుంది, వేగం వస్తుంది. కానీ రెక్క చివర బయటపడే ప్రమాదం అంతకంత పెరుగుతుంది. చదునైన నీటిలో ఎత్తుగా పోవచ్చు. క్రిస్సీలో పాటు మీద గాలికి ఎదురుగా నీరు వస్తే అలలు నిటారుగా లేస్తాయి, అక్కడ ఎత్తుగా పోతే పడిపోవడమే. పొడవాటి మాస్ట్ వేగం ఇవ్వదు, ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యంతోనే వేగం వస్తుంది.

#19 · కాకినాడ_కైట్

మీరందరూ ఇంత సమయం పెట్టి రాస్తారని అనుకోలేదు. సరే, డబ్బు పెట్టకుండా ముందు ఏం చేయాలి?

#20 · రెక్కల_లెక్కలు

వెనక రెక్క కింద షిమ్, అంటే కోణం మార్చే పలచటి ముక్క. ఖర్చు దాదాపు లేదు. వెనక రెక్క ముక్కుని పైకి లేపేలా కిందికి నొక్కుతూ ఉంటుంది, అదే మనకి నిలకడ ఇస్తుంది. ఆ కోణాన్ని ఒక అర డిగ్రీ తగ్గిస్తే కిందికి నొక్కడం తగ్గుతుంది, ముందు కాలి మీద భారం తగ్గుతుంది, ముందు రెక్క మోయాల్సింది కూడా కొంచెం తగ్గుతుంది. నీటి నుంచి లేచేటప్పుడు కాస్త బద్ధకంగా అనిపిస్తుంది. ఒకేసారి ఒక డిగ్రీ మార్చకు, అర చాలు.

తర్వాత చిన్న రెక్క ఎవరిదగ్గరైనా అడిగి ప్రయత్నించు. 560 చదరపు సెంటీమీటర్లదైతే రాపిడి 24 న్యూటన్ల దాకా తగ్గుతుంది. నా అంచనా ఒకటిన్నర నాట్లు, రెండు దాటదు. కానీ లేచే వేగం 20 శాతం పెరుగుతుంది, సన్నగాలి రోజుల్లో ఇబ్బంది పడతావు.

#21 · కాకినాడ_కైట్ (మూడు వారాల తర్వాత)

అంకెలతో వచ్చాను. అన్నీ నీరు నిలబడే వేళే, గాలి 18 నుంచి 20, 10 సెకన్ల సగటు, ప్రతిదానికీ కనీసం ఐదు పరుగులు.

గంటు పూడ్చకముందు పాత అమరిక: 25.1.

గంటు పూడ్చి, అర డిగ్రీ షిమ్ పెట్టాక: 25.9. అంకె చిన్నదే, కానీ తొడ మంట సగం తగ్గింది. మొదటిసారి బార్ వదలకుండా పరుగు చివరిదాకా పట్టుకున్నాను. మాస్టారూ, ఆ ఎడమవైపు నుంచి వచ్చే సన్నటి ఈల కూడా పోయింది. అది మాస్ట్‌ది అనుకునేవాణ్ణి.

స్నేహితుడి 560 రెక్క పెట్టాక: 27.8. మొదటి రోజు నాలుగుసార్లు పడ్డాను. ముక్కు చాలా త్వరగా స్పందిస్తుంది, పాదం చిన్నగా కదిలినా పైకీ కిందికీ పోతుంది. రెండో రోజుకి అలవాటైంది. 12 నాట్ల గాలిలో మాత్రం ఎంత కైట్ తిప్పినా లేవలేదు, ఒడ్డుదాకా ఈదుకుంటూ వచ్చాను.

ఇంకో సంగతి గమనించాను. గాలికి సరిగ్గా అడ్డంగా పోయిన పరుగుల్లో 26 దాటలేదు. పాతిక డిగ్రీలు కిందికి తిరిగిన పరుగుల్లోనే 27.8 వచ్చింది. ఇంతకాలం ఇంకా ఎక్కువ కిందికి తిరిగేసి, లైన్లు వదులై, ఏం జరిగిందో తెలియక ఆగిపోయేవాణ్ణి.

#22 · గాలివాటం

మొదట 27.4 అన్నావు, ఇప్పుడు 27.8. బయటివాళ్లకి తేడా లేనట్టే ఉంటుంది. మాకు తెలుసు, నువ్వు 25 నుంచి వచ్చావు. అభినందనలు.

#23 · రెక్కల_లెక్కలు

రెక్క వల్ల 1.9. నా అంచనా అంచుకి తగిలింది. రెక్క చిన్నదవడం వల్ల ఒకటిన్నర వస్తే, మిగతాది నువ్వు ఇప్పుడు భయపడకుండా పట్టుకోవడం వల్ల వచ్చిందని అనుకుంటున్నాను. ఇప్పుడు నీ మొత్తం డ్రాగ్‌లో మాస్ట్ వాటా ఇంకా పెరిగింది.

#24 · రామేశ్వరం_సీజన్

అన్నా, మొదటిసారి ఫాయిల్ ఎక్కబోయేవాడికి ఏ సైజు రెక్క?

#25 · ఉత్తర_సముద్రం

చిన్నతమ్ముడూ, నీకు 1,200 పైన ఏదైనా పర్వాలేదు, మాస్ట్ 60 సెంటీమీటర్లది వెతుక్కో. నెమ్మదిగా లేవాలి, పడితే తక్కువ ఎత్తు నుంచి పడాలి. ఈ చర్చలో చదివిన అంకెలు ఒక ఏడాది పక్కన పెట్టు. రామేశ్వరంలో వేసవి గాలి నిలకడగా ఉంటుందని విన్నాను, నేర్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలి.

#26 · కాకినాడ_కైట్

పలచటి కార్బన్ మాస్ట్, 100 సెంటీమీటర్లది, ఒకాయన రెండు రోజులకి ఇస్తానన్నారు. శనివారం నీరు నిలబడేది మధ్యాహ్నం 3:40కి, గాలి 20 అంటున్నారు. అదే 560 రెక్క, అదే షిమ్, అదే కైట్. మాస్ట్ ఒక్కటే మారుస్తాను. హెల్మెట్ కొన్నాను అక్కా. ఆదివారం రాత్రికి అంకెలు పెడతాను.

#27 · ప్రొపెల్లర్_మాస్టారు

అప్పు తెచ్చిన మాస్ట్ కదా, ముందు అంచు మీద గోరు పెట్టి చూసుకుని మరీ దిగండి.